లియో ఫెండర్ వర్ధంతికి పార్కులో ఒక గంట: నా అనుభవం

మొన్న మార్చి 21న, ఎలక్ట్రిక్ గిటార్లు చేసిన లియో ఫెండర్ వర్ధంతి జరుపుకున్నాం. ఐదుగురం పార్కులో చేరి, ఆయన చేసిపెట్టి వెళ్లిన వాయిద్యాలను గంటసేపు వాయించాం. ఆ ఒక్క గంట కోసం నేను ఏడు వారాలు తిరిగాను. కోపం చల్లారలేదు, సంతోషమూ తగ్గలేదు. రెండూ ఉండగానే రాసేస్తున్నాను. కాలిఫోర్నియాలో ఇలాంటిది పెట్టుకోవాలనుకునే మనవాళ్లకు పనికొస్తుంది.

మాది తెనాలి. నాన్న రేడియో మెకానిక్. నేను పద్నాలుగేళ్లుగా ఆరెంజ్ కౌంటీలో ఉంటున్నాను. మా ఇంటి నుంచి ఫుల్లర్టన్‌కి కారులో ఇరవై నిమిషాలు. 1938లో లియో ఫెండర్ ఆరువందల డాలర్లు అప్పు చేసి రేడియో రిపేరు కొట్టు పెట్టింది ఆ ఊళ్లోనే. అంతకు ముందు లెక్కలు రాసే ఉద్యోగం చేసేవాడు, మాంద్యం రోజుల్లో అది పోయింది. ఎనిమిదేళ్లప్పుడే ఒక కన్ను పోయి గాజు కన్ను పెట్టించుకున్నవాడు. గిటార్ వాయించడం ఆయనకు రాదు, చివరిదాకా నేర్చుకోలేదు. పాడైన రేడియోలతో పాటు ఊళ్లో పాటగాళ్లు తెచ్చిన యాంప్లిఫయర్లు కూడా బాగుచేస్తూ, ఏది ఎక్కడ చెడిపోతుందో చూసి చూసి, అలా చెడిపోనిది తానే చెయ్యడం మొదలుపెట్టాడు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు తెనాలిలో మా కొట్టు కళ్లముందు కదిలింది. వాల్వులు వేడెక్కిన వాసన, బల్ల మీద విప్పి పెట్టిన స్క్రూలు, బాగుచేసిన రేడియో మొదటిసారి పలికినప్పుడు నాన్న మొహం. అప్పటి నుంచి లియో ఫెండర్ నాకు మా ఇంటి మనిషే.

మా గుంపులో అందరూ తలోచోట పుట్టినవాళ్లే. బాస్ గిటార్ వాయించే పెద్దాయన మెక్సికో వాళ్ల అబ్బాయి, డెబ్బై దాటాయి. డ్రమ్స్ వాయించే ఆవిడ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు. స్టీల్ గిటార్ వాయించే ఆయన, రిథమ్ వాయించే కాలేజీ పిల్ల, నేను. ప్రతి ఏడాదీ ఆ రోజు ఎవరో ఒకరి గరాజులో వాయించేవాళ్లం. ఈసారి బయట, నలుగురూ వినేలా చేద్దామని నేనే అన్నాను. అన్నందుకు కాగితాల పని నా నెత్తిన పడింది.

మొదట మన తెలుగు సంఘం ఒకదాన్ని హాలు అడిగాను. సినిమావాళ్లు ఎవరైనా వస్తే అర్ధరాత్రి దాకా తెరిచి ఉంచుతారు. నాతో మాత్రం "ఎవరో అమెరికావాడి తద్దినం మన హాల్లో ఎందుకండీ" అన్నారు. మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాను. ఆ మాట అన్నాయన కారులో మాండొలిన్ శ్రీనివాస్ కచేరీలు మోగుతుంటాయి. పాలకొల్లులో పుట్టిన ఆ పిల్లవాడు చేతబట్టి త్యాగరాజ కీర్తనలు పలికించింది ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే. మామూలు మాండొలిన్ మీద స్వరం టక్కున మోగి టక్కున ఆగిపోతుంది. కరెంటు తోడయ్యాకే అది గమకం పలికేంతసేపు నిలిచింది. తద్దినం అన్నవాళ్లు ఇది తెలుసుకోవాలి.

పార్కు బుకింగ్ పది నిమిషాల్లో, ఆన్‌లైన్లోనే అయిపోయింది.

తర్వాత ఇన్సూరెన్స్. పార్కులో ఎవరికైనా దెబ్బ తగిలితే చెల్లించేందుకు పది లక్షల డాలర్ల పాలసీ చూపించమన్నారు. అంకె చూసి భయపడకండి. ఒక్కరోజు పాలసీలు దొరుకుతాయి, నాకు 130 డాలర్లయింది. సిటీ పేరు వాళ్లు చెప్పినట్టే అక్షరం తేడా లేకుండా రాయించాలి. నేను ఒక్క మాట వదిలేస్తే వారం తర్వాత తిప్పి పంపారు.

ఇక కౌంటర్.

సిటీ ఆఫీసుకి మూడుసార్లు వెళ్లాను. ఏ సిటీ అన్నది రాయను. మొదటిసారి వెళ్లినప్పుడు, ఫారంలో కార్యక్రమం పేరు అనే గడిలో 'లియో ఫెండర్ స్మృతి సాయంత్రం' అని రాసి ఇచ్చాను. కౌంటర్లో ఉన్న మనిషి చదివి, "ఇది కంపెనీ పేరు, వాడుకోవడానికి కంపెనీ నుంచి లెటర్ కావాలి" అన్నాడు. పోయిన మనిషి పేరండీ, ఆయన ఇంటిపేరండీ అన్నాను. "అయినా సరే" అన్నాడు. లెటర్ ఎవరిని అడగాలంటే, అది మీరే చూసుకోవాలన్నాడు.

లియో ఫెండర్ తన పేరుతో ఉన్న కంపెనీని సీబీఎస్ అనే టీవీ, రేడియో సంస్థకి 1965లోనే, కోటీ ముప్పై లక్షల డాలర్లకు అమ్మేశాడు. ఆ తర్వాత మ్యూజిక్ మ్యాన్ అనే గిటార్ల కంపెనీలో పనిచేశాడు, జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ అనే ఇంకో కంపెనీ పెట్టి గిటార్లు చేశాడు. 1991లో, 81 ఏళ్ల వయసులో పోయేదాకా, ఒంట్లో బాగోకపోయినా వర్క్‌షాపుకి వెళ్తూనే ఉన్నాడు. బతికుండగానే ఆయన పేరు ఆయన పెట్టుకున్న కంపెనీకి ఉండకుండా పోయింది. పోయాక ఆయన్ని తలుచుకునే ఫారం మీద కూడా ఉండకూడదంటే నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఇంటికొచ్చి పేరు కొట్టేసి 'సంగీత సాయంత్రం' అని రాశాను. నేను చెప్పే మొదటి సలహా ఇదే: ఫారం మీద ఎవరి పేరూ రాయకండి. పేరు నోటితో తలుచుకోండి, ఎవరూ ఆపలేరు.

రెండోసారి వెళ్లినప్పుడు జరిగింది ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తోంది. 'యాంప్లిఫయర్లు వాడతారా' అనే గడిలో అవును అని టిక్కు పెట్టి ఉంది. అదే మనిషి. నా వెనక ఏడెనిమిది మంది లైనులో ఉన్నారు. "యాంప్లిఫయర్ అంటే వేరే పర్మిట్, అది కష్టం. ప్లగ్ పెట్టకుండా వాయించుకోవచ్చుగా" అన్నాడు.

నేను ఓపిగ్గా చెప్పాను. ఇది గట్టి చెక్క గిటార్ సార్, లోపల డొల్ల ఉండదు. తీగ మీటితే పక్కనున్నవాడికి కూడా సరిగా వినపడదు. తీగల కింద అయస్కాంతాలకు సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన ఉక్కు తీగ అదిరితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని పెద్దది చేసేదే యాంప్లిఫయర్. అది లేకపోతే ఇది చెక్కముక్కే. డొల్ల గిటార్‌కి మైకు పెట్టి గట్టిగా వాయిస్తే కుయ్యిమని అరుస్తుంది, ఆ బాధ తప్పించడానికే చెక్కను గట్టిగా ఉంచారు. 1950లో ఫుల్లర్టన్‌లో ఈ గిటార్ వచ్చిందే అందుకు.

అతను వింటున్నట్టు తలూపి, "మీ దేశంలో సితార్ ఉంటుంది కదా, అది ప్లగ్ లేకుండా వాయిస్తారు కదా, అది తెచ్చుకోండి" అన్నాడు. వెనక ఇద్దరు నవ్వారు. ఆ నవ్వుతో ధైర్యం వచ్చినట్టుంది, "అసలు ఆయన గురించి మీకెందుకు ఇంత ఆసక్తి? ఆయన ఇక్కడివాడు" అని కూడా అన్నాడు.

నా చెవులు వేడెక్కాయి. ఇరవై ఐదేళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. నా గిటార్ వైరింగ్ మొత్తం నేనే చేసుకున్నాను. మా గుంపులో ఎవరి వాయిద్యం మూగబోయినా నా దగ్గరికే వస్తారు, ఇంతవరకు బాగుచెయ్యకుండా ఒక్కదాన్నీ తిప్పి పంపలేదు. అంతమంది ముందు సితార్ తెచ్చుకోమంటే నోట మాట రాలేదు. సితార్ నాకెంతో గౌరవం, కానీ మా తెనాలి ఇంట్లో సితార్ ఎప్పుడూ లేదు. సోల్డరింగ్ ఐరన్ ఉంది. ఫారం తీసుకుని బయటికొచ్చి కారులో కూర్చున్నాను. తాళం తిప్పడానికి అరగంట పట్టింది.

చేతిపని చేసేవాణ్ణి ఎక్కడైనా ఇలాగే చూస్తారు. వాయించినవాడికి చప్పట్లు కొడతారు. వాయిద్యం చేసినవాడి పేరు అడగరు, బాగుచేసినవాణ్ణి పెరటి గుమ్మం దగ్గరే నిలబెడతారు. తెనాలిలో పెద్ద పెద్ద ఇళ్లవాళ్లు మా నాన్నకి రేడియో అరుగు మీదే ఇచ్చి పంపేవారు. లోపలికి రమ్మన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్ల పేర్లు నాన్నకి ఇప్పటికీ గుర్తే.

మూడోసారి మంగళవారం పొద్దున్నే, ఆఫీసు తలుపులు తియ్యగానే వెళ్లాను. ఆ మనిషి లేడు. పై అధికారి, ఒక పెద్దావిడ, స్వయంగా చూసింది. ఎన్ని వాట్లు, ఎటువైపు తిప్పి పెడతారు, దగ్గర్లో ఇళ్లు ఎంత దూరం, ఎంతసేపు అని నాలుగే ప్రశ్నలు అడిగింది. నేను పార్కు బొమ్మ గీసి, యాంప్లిఫయర్లు కాలువ వైపు తిప్పుతామని బాణం గుర్తు పెట్టి తీసుకెళ్లాను. బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయర్లు మూడే వాడాలి, నాలుగింటి నుంచి ఐదింటి దాకే, పార్కు గట్టు దాటి శబ్దం వినపడకూడదు అని రాసి సంతకం పెట్టింది. మొత్తం పన్నెండు నిమిషాలు. ఆ రెండోసారే ఈవిడ ఉండి ఉంటే నాకు ఆ అవమానం తప్పేది. కాబట్టి ఫోన్లో చెప్పిన మాటలు నమ్మకండి, మధ్యాహ్నం వెళ్లకండి, శుక్రవారం అసలు వెళ్లకండి. బొమ్మ గీసి తీసుకెళ్లండి. ఎవరైనా అడ్డంగా మాట్లాడితే వాదించకుండా పై అధికారిని అడగండి. నేను అడగలేదు, తప్పు చేశాను. రెండు వందల డిపాజిట్ కట్టాను, అది ఇంకా రాలేదు.

ఆ రోజు పొద్దున శాంటా ఆనాలో ఆయన సమాధి దగ్గరికి వెళ్లి పూలు పెట్టి వచ్చాం. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాం. పిల్లల్ని ఆడించడానికి వచ్చినవాళ్లు ఒక ముప్పైమంది చుట్టూ చేరారు. ఒక్కొక్కరం రెండు మాటలు చెప్పి వాయించాలని అనుకున్నాం.

బాస్ పెద్దాయన తన ప్రెసిషన్ బాస్ ఎత్తి చూపించాడు. చిన్నప్పుడు వాళ్ల మేనమామ మనిషంత ఎత్తుండే డబుల్ బాస్‌ని కారు పైన తాళ్లతో కట్టుకుని డాన్సు హాళ్లకు వెళ్లేవాడట. అంత మోసుకెళ్లినా డ్రమ్స్ మోతలో అది ఎవరికీ వినపడేది కాదట. 1951లో లియో ఫెండర్ ఈ బాస్ తెచ్చాడు. భుజాన తగిలించుకోవచ్చు. మెడ మీద మెట్లు (ఫ్రెట్లు) ఉన్నాయి కాబట్టి వేలు పెట్టినచోట స్వరం కచ్చితంగా పలుకుతుంది. ప్రెసిషన్, అంటే కచ్చితత్వం, అని పేరు పెట్టింది అందుకే. "మా మామయ్య నడుం నొప్పి పోగొట్టింది డాక్టర్ కాదు, ఈయన" అని పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు.

కాలేజీ పిల్ల లియో ఫెండర్ చేసిన స్ట్రాటోకాస్టర్ గిటార్ గురించి చెప్పింది. అంతకు ముందు వచ్చిన ఆయన గట్టి చెక్క గిటార్ టెలికాస్టర్ అంచులు పక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని వాయించేవాళ్లు అంటే, ఆయన కోపం తెచ్చుకోలేదు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కి ఒంటికి ఆనే చోట చెక్క చెక్కించి నునుపు చేయించాడు. తనకు వాయించడం రాదు కాబట్టి బిల్ కార్సన్ లాంటి వాయించేవాళ్లకి ఇచ్చి, వాళ్లు చెప్పింది వినేవాడు. ఆ పిల్ల గిటార్ వెనక్కి తిప్పి ఆ వంపు మీద చెయ్యి రాసి చూపించింది.

నేను టెలికాస్టర్ మీద మోహన రాగం వాయించాను. వేలితో తీగ లాగితే ఒకే మెట్టు మీద రెండు స్వరాల దూరం జారుతుంది, గమకానికి అది చాలు. వాయించే ముందు ఒక్కటే చెప్పాను. ఈ గిటార్ మెడ నాలుగు స్క్రూలు విప్పితే ఊడొస్తుంది. చెడిపోతే గిటార్ మొత్తం పారెయ్యక్కర్లేదు, మెడ ఒక్కటీ మార్చుకుంటే చాలు. జిగురుతో అతికించడమే గొప్ప పనితనం అనుకునే రోజుల్లో, రేపు ఇంకో మెకానిక్ దీన్ని విప్పాల్సి వస్తుందని ఆలోచించి చేసినవాడు ఈయన.

సరిగ్గా ఐదింటికి ఆపేశాం.

ఇంటికొచ్చి తెనాలికి వీడియో కాల్ చేశాను. అక్కడ తెల్లారి ఆరున్నర. సాయంత్రం తీసిన వీడియో ముందే పంపాను, నాన్న చూసేశారు. పాట గురించి ఏమీ అనలేదు. "ఒరేయ్, నువ్వు వాయిస్తుంటే మధ్యలో చిటపటమంది. పైన ఆ రేకు విప్పి చూపించు" అన్నారు. స్క్రూలు విప్పి ఫోన్ దగ్గరగా పెట్టాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఆ జాక్ దగ్గర డ్రై సోల్డర్ రా. వేడి చాలక ముద్దలా నిలిచిపోయింది. పాతది తీసేసి మళ్లీ పెట్టు."

ఆయన చెప్పినచోటే ఉంది. ఐరన్ వేడెక్కుతోంది, ఇది పోస్ట్ చేసి ఆ పని చూడాలి.