పేపర్ ఓకే అయ్యాక మొదలయ్యే అసలు పని

నంబూరు, వడ్డేశ్వరం, వడ్లమూడి చుట్టుపక్కల యూనివర్సిటీల రీసెర్చ్ స్కాలర్లు చాలామంది, కాన్ఫరెన్సుకు పంపిన పరిశోధన పత్రానికి (పేపర్‌కి) యాక్సెప్టెన్స్ మెయిల్ వచ్చాకే ప్రయాణం సంగతి ఆలోచిస్తారు. విదేశీ కాన్ఫరెన్సుకైతే అప్పటికే ఆలస్యం. పేపర్ పంపిన రోజునే పాస్‌పోర్టు తీసి చూసుకోవాలి.

ముందు పేరు సంగతి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘సీహెచ్. నాగలక్ష్మి’, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పేపర్ మీద ‘నాగలక్ష్మి సి.’ అని ఉంటే ముగ్గురూ ఒకరేనని వీసా అధికారికి మనమే చూపించాలి. ఆహ్వాన పత్రంలో పాస్‌పోర్టు స్పెల్లింగూ నంబరూ ఉండాలని, పేపర్ ఏ పేరుతో వస్తోందో కూడా ఒక వాక్యంలో రాయమని నిర్వాహకులను అడగండి. అడిగితే రాసిస్తారు, అడగరనే బాధ. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు కిందికి పోయి, అసలు పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. సరిచేసుకోవాలంటే పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టాలి. ఆ పని వీసా అపాయింట్‌మెంట్‌కి ముందే అయిపోవాలి.

యూరప్‌లో చాలా దేశాలకు ఒకటే అయిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకూ దరఖాస్తు చేయొచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా. పాస్‌పోర్టు ఇచ్చి 10 ఏళ్లు దాటకూడదు, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా 3 నెలలు చెల్లుబాటు ఉండాలి, బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. దరఖాస్తుకి ముందు వారం ఖాతాలో ఒక్కసారిగా రెండు లక్షలు వేస్తే అనుమానమే పెరుగుతుంది. గైడు సంతకం నుంచి రిజిస్ట్రార్ దాకా తిరిగే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఫైలుకు కూడా రోజులు లెక్కేసుకోండి.

అన్నిటికన్నా నలిపేసేది డబ్బు. చేతిలో ఎక్కువేమీ ఉండదు, ఉన్నదీ ముందు మన జేబులోంచి పోయి తర్వాత ఎప్పటికో వస్తుంది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు. ఫెలోషిప్ లేనివాళ్లకు అదీ లేదు. ఒకప్పటి ఎస్ఈఆర్‌బీ, ఇప్పటి ఏఎన్ఆర్ఎఫ్ (పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ) ట్రావెల్ సపోర్ట్‌లో 35 ఏళ్ల లోపువారికి యువ శాస్త్రవేత్తల విభాగం ఉంది. కానీ ఖర్చు ముందు మనం పెట్టుకోవాలి, వచ్చాక బిల్లులు పెట్టాలి. బోర్డింగ్ పాసులు పారేస్తే క్లెయిమ్ ఆగిపోతుంది. ప్రభుత్వ ఖర్చుతో కొనే విమాన టికెట్లకు గుర్తింపు ఉన్నవి బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ. మీ గ్రాంటులో ఆ షరతు ఉంటే, ఎక్కడో యాప్‌లో చౌకగా దొరికిన టికెట్ చివరికి ఖరీదైన టికెట్టే.

రిజిస్ట్రేషన్ ఫీజు కట్టే రాత్రి కార్డు పనిచేయకపోవడం మామూలే. ఆర్‌బీఐ 2020 నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్‌లోనే వస్తాయి. బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. చాలా క్రెడిట్ కార్డులు 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీ చెల్లింపు మీద అదనపు రుసుము), దానిమీద జీఎస్టీ వేస్తాయి. స్టూడెంట్ రేటు కట్టే ముందు ఆ రేటుతో పేపర్ ప్రొసీడింగ్స్‌లోకి (కాన్ఫరెన్సు పేపర్ల సంపుటిలోకి) వెళ్తుందో లేదో చదవండి. కొన్నిచోట్ల ఒక రచయిత పూర్తి ఫీజు కట్టాల్సిందే.

దేశంలోపల జరిగేవాటికి ఇంత బాధ లేదు. విజయవాడ జంక్షన్ నుంచి ఎటైనా రైలు దొరుకుతుంది, రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారని గుర్తుంటే చాలు. ఇక్కడ ఉచ్చు వేరే. మూడు రోజుల్లో యాక్సెప్టెన్స్, ఇంజనీరింగు నుంచి మేనేజ్‌మెంటు దాకా ఒకే వేదిక, పైగా ‘స్కోపస్ గ్యారంటీ’ అని ఊరించే కాన్ఫరెన్సులు. స్కోపస్ అంటే పరిశోధన పత్రాల డేటాబేస్. అందులో చేర్చే ఇండెక్సింగుకి నిర్వాహకులు గ్యారంటీ ఇవ్వలేరు. పీహెచ్‌డీకి రెండు ప్రెజెంటేషన్లు తప్పనిసరి అన్న యూజీసీ 2016 షరతు 2022 నిబంధనల్లో పోయింది. మీ యూనివర్సిటీ సొంత నిబంధన చూసుకోండి, లేకపోతే సర్టిఫికెట్ కోసం డబ్బు తగలేసినట్టే.

పోస్టర్ సాధారణంగా ఏ0, అంటే 84.1 × 118.9 సెంటీమీటర్లు. గవర్నర్‌పేటలోనైనా అరండల్‌పేటలోనైనా ఫ్లెక్సు షాపులో సైజు అడుగుల్లోనే అడుగుతారు. ‘మూడు బై నాలుగు’ అనేస్తే బొమ్మలు సాగుతాయి, బోర్డు దాటి కూడా పోవచ్చు. పీడీఎఫ్‌ను షాపువాళ్లు కోరల్‌డ్రా (డిజైన్ సాఫ్ట్‌వేర్)లో తెరిస్తే సమీకరణాల ఫాంట్లు చెదురుతాయి కాబట్టి 150 డీపీఐలో 4967 × 7022 పిక్సెళ్ల జేపెగ్ కూడా పట్టుకెళ్లండి. ఫ్లెక్సు చుట్టి ట్యూబులో మోయాలి. గుడ్డ మీద వేయిస్తే మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు, ముడతలు హోటల్లో ఇస్త్రీపెట్టెతో పోతాయి.