సోమవారం మాత్ర

2021 మే నెలలో మా డాక్టరు గారు కోవిడ్‌తో పోయారు. సెకండ్ వేవ్ రోజులు, పొద్దున లేస్తే ఎవరో ఒకరు పోయారన్న కబురే, అందుకేనేమో ఆ రోజు నేను సరిగా ఏడవను కూడా లేదు. ఏడుపు నాలుగు నెలల తర్వాత వచ్చింది, అదీ గుంటూరులో ఒక పెద్దాసుపత్రి మందుల కౌంటర్ దగ్గర.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, మావాళ్లు కీళ్లవాతం అంటారు. మొదలైనప్పుడు ముప్ఫై నాలుగేళ్లు. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు, గంటన్నర దాకా కాఫీ గ్లాసు పట్టుకోలేను, పిల్లకి జడ వేయలేను. పని తప్పించుకోడానికి నాటకమని మా అత్తగారు అన్నారు కూడా (ఇప్పుడు ఆవిడే నాకు జడ వేస్తారు, అది వేరే కథ). తెనాలిలో ఆ డాక్టరు గారి దగ్గరికి వెళ్తే ముందు రిపోర్టులు అడగలేదు. నా చెయ్యి తీసుకుని ఒక్కో కణుపూ మెల్లగా నొక్కారు, నొక్కుతున్నంతసేపూ నా మొహమే చూశారు. నొప్పి లేదండీ అంటే "నీ మొహం అలా అనట్లేదమ్మా" అన్నారు.

మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. ఈ జబ్బుకి ఆ మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. ఆయన ఇదంతా చెప్పి, స్ట్రిప్పు వెనక పెద్దక్షరాలతో "సోమవారం మాత్రమే" అని రాసి, నాతో మూడుసార్లు, మా ఆయనతో ఒకసారి పైకి చెప్పించారు, బళ్లో ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు. మంగళవారం పసుపు మాత్ర, అంటే ఫోలిక్ యాసిడ్. రెండో బిడ్డ కావాలనుకుంటే సిగ్గుపడకుండా ముందే చెప్పండి, ఈ మందు ఆపాలి అన్నారు. లివర్ పరీక్షకి ఎక్కడ తక్కువ తీసుకుంటారో కూడా ఆయనే చెప్పేవారు.

ఆయన పోయాక క్లినిక్ మూతపడింది. కాంపౌండరు ఫోన్ చేసి, "మీ ఫైలు తీసుకెళ్లండమ్మా, పాతకాగితాల వాడికి వేయబుద్ధి కావట్లేదు" అన్నాడు. తొమ్మిదేళ్ల ఫైలు, అట్ట ఊడిపోయి ఉంది.

అది పట్టుకుని గుంటూరు వెళ్లాం. బీపీ ఒకరు, బరువు ఒకరు, జబ్బు వివరాలు రాసుకునే కుర్ర డాక్టరు ఇంకొకరు, చివర్లో పెద్ద డాక్టరు. "ఈఎస్ఆర్ బానే ఉందిగా, అవే మందులు వాడండి" అన్నారు (ఈఎస్ఆర్ అంటే ఒంట్లో వాపు ఎంతుందో చూపే రక్తపరీక్ష). చెయ్యి ముట్టుకోలేదు, ఫైలు తెరవలేదు. బయట అంతమంది కూర్చుని ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తారు, అది నిజమే. కానీ మందుల కవరు మీద మెథోట్రెక్సేట్‌కి 1-0-0 అని ఉంది, అంటే రోజూ పొద్దున ఒకటి! బాబూ, ఇది వారానికోసారి కదా అంటే "చీటీలో అలాగే ఉంది మేడం" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. చూస్తే ప్రింటులో నిజంగా అలాగే ఉంది. వెనక్కి వెళ్తే రెండు నిమిషాల్లో దిద్ది, సారీ కూడా చెప్పారు. నాకు తెలుసు కాబట్టి సరిపోయింది, నా వెనక లైన్లో కర్ర పట్టుకుని నిలబడ్డ ముసలాయనకి ఎవరు చెప్తారు? అక్కడే స్టీలు కుర్చీలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. మా ఆయన మోకాళ్ల నొప్పి అనుకుని నీళ్లు తేవడానికి పరిగెత్తాడు.

ఆ తర్వాత ఇద్దరు డాక్టర్లు మారాను. ఇప్పుడు విజయవాడలో ఒకావిడ చూస్తున్నారు, చిన్న వయసే, కీళ్లవాతమే ప్రత్యేకంగా చదివారు. సోమవారం అని స్ట్రిప్పు మీద నేనే మార్కర్‌తో రాసుకుంటున్నాను. మొదటి రెండుసార్లు ఆవిడా కంప్యూటరే చూశారు. మూడోసారి ధైర్యం చేసి, వేళ్లు ఒకసారి నొక్కి చూస్తారా మేడం అని అడిగాను. కొంచెం ఆశ్చర్యపోయి నొక్కారు. అలవాటు ప్రకారం నొప్పి లేదన్నాను. ఆవిడ కీబోర్డు పక్కకి జరిపి, ఇంకోసారి నొక్కారు.