మీటరు పడుకునే ముందు టవరుకు ఏం చెప్పాలి: నా అనుభవం

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో నీళ్ల మీటర్లు ఎక్కువగా బేస్‌మెంట్‌లో, సంపు పక్కనో పైపుల షాఫ్ట్‌లోనో ఉంటాయి. అక్కడ కరెంటు పాయింటు ఉండదు, సిగ్నల్ అంతంతమాత్రం. ఒక్క 3.6 వోల్టుల లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్లు మీద ఏళ్ల తరబడి నడవాలి. కాబట్టి లోపలి ఎన్‌బీ-ఐఓటీ (చిన్న పరికరాల కోసం ఉన్న తక్కువ కరెంటు మొబైల్ నెట్‌వర్క్) మాడ్యూల్ రోజుకోసారి లేచి రీడింగ్ పంపి, మిగతా సేపంతా పడుకోవాలి. పడుకోబెట్టడం తేలికే. పడుకుంటున్నట్టు నెట్‌వర్క్‌కు సరిగ్గా చెప్పించడంలోనే వచ్చాయి తిప్పలన్నీ.

మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలు రాసే 3జీపీపీ 12వ రిలీజ్‌లో ఇందుకోసం పవర్ సేవింగ్ మోడ్ పెట్టారు. అటాచ్ అయ్యేటప్పుడు, అంటే నెట్‌వర్క్‌లో చేరేటప్పుడు, మాడ్యూల్ రెండు టైమర్లు అడుగుతుంది. టీ3324 అంటే, కనెక్షన్ వదిలి ఐడిల్‌లోకి వచ్చాక ఇంకెంతసేపు పేజింగ్ (నెట్‌వర్క్ పిలుపు) వింటుందో. టీ3412 ఎక్స్‌టెండెడ్ అంటే, ఎంతసేపటికోసారి లేచి 'ఉన్నాను' అని ట్రాకింగ్ ఏరియా అప్‌డేట్ పంపుతుందో. మొదటిది ముగియగానే మాడ్యూల్ రేడియో కట్టేస్తుంది, అవతల ఎంఎంఈ (4జీలో పరికరాల రిజిస్ట్రేషన్ చూసే నెట్‌వర్క్ భాగం) కూడా పేజింగ్ మానేస్తుంది. రిజిస్ట్రేషన్ మాత్రం పోదు, ఐపీ అడ్రసూ పోదు.

ఈ రెండు విలువలూ ఎనిమిదేసి బిట్లు. మొదటి మూడు బిట్లు యూనిట్, మిగతా ఐదు ఎన్ని యూనిట్లో చెబుతాయి. పేచీ ఏమిటంటే, అవే మూడు బిట్లకు ఒక్కో టైమరులో ఒక్కో అర్థం. టీ3412 ఎక్స్‌టెండెడ్‌లో 000 అంటే 10 నిమిషాలు, 001 గంట, 010 పది గంటలు, 011 రెండు సెకన్లు, 100 ముప్పై సెకన్లు, 101 నిమిషం, 110 ఏకంగా 320 గంటలు. టీ3324లో 000 అంటే 2 సెకన్లు, 001 నిమిషం, 010 ఆరు నిమిషాలు, 111 అంటే టైమరే వద్దని. ఇవి కాక ఇంకేం రాసినా నిమిషాల కిందే లెక్క.

24 గంటలకోసారి లేవాలంటే టీ3412కి 00111000. అది మొదటిసారే సరిగ్గా కుదిరింది. టీ3324కి నాకు కావలసింది 20 సెకన్లు. టీ3412 పట్టికే చూసి 01101010 రాశాను, 2 సెకన్లు పదిసార్లు అనుకుని. నెట్‌వర్క్ దాన్ని 10 నిమిషాలుగా చదువుకుంది. రాయాల్సింది 00001010. ఎర్రర్ ఏమీ రాదు, మాడ్యూల్ ఓకే అనే అంటుంది. నష్టం ఎంతో చూడండి: మేలుకుని పేజింగ్ వింటున్నప్పుడు సగటున 1 మిల్లీ యాంపియర్ అనుకుంటే, 10 నిమిషాలకు 0.17 మిల్లీ యాంపియర్ అవర్. 4 మైక్రో యాంపియర్లతో రోజంతా పడుకున్నా ఖర్చు 0.1 లోపే.

దీన్ని ఎస్పీ రోడ్డులో దొరికే మామూలు మల్టీమీటరుతో పట్టుకుందామనుకోకండి. మైక్రో యాంపియర్ రేంజిలో పెడితే, మాడ్యూల్ లేచి వందల మిల్లీ యాంపియర్లు లాగగానే మల్టీమీటరు లోపలే వోల్టేజి పడిపోయి మాడ్యూల్ రీసెట్ అవుతుంది. రేంజి తనంతట తాను మార్చుకునే పవర్ ప్రొఫైలర్ కావాలి.

అడిగినది ఒకటి, దక్కినది ఒకటి కావచ్చు. టైమర్లు ఖరారు చేసేది నెట్‌వర్కే. మాడ్యూల్‌ను రిజిస్ట్రేషన్ సంగతి అడిగే సీఈఆర్ఈజీ కమాండును మోడ్ 4లో పెడితే, దక్కిన రెండు విలువలూ జవాబు చివర కనిపిస్తాయి. యాక్టివ్ టైమ్ (అంటే టీ3324) ఖాళీగా వచ్చిందంటే పవర్ సేవింగ్ మోడ్ దక్కలేదన్నమాట. ఎక్స్‌టెండెడ్ విలువ రాకపోతే మామూలు టీ3412 వర్తిస్తుంది, దాని డిఫాల్టు 54 నిమిషాలు. అంటే రోజుకు 26 సార్లు లేవడం. అందుకే మా ఫర్మ్‌వేర్ (మీటరు లోపలి సాఫ్ట్‌వేర్) ప్రతి రీడింగ్‌తోపాటు దక్కిన విలువల్నీ సర్వరుకు పంపుతుంది. దీనికయ్యేది రెండు బైట్లే.

ఇంకో కిటుకు. టీ3324 మొదలయ్యేది ఐడిల్‌లోకి వచ్చాకే. డేటా పంపడం అయిపోయినా, నెట్‌వర్క్ కనెక్షన్ వదిలేదాకా మాడ్యూల్ పదుల మిల్లీ యాంపియర్లు తాగుతూనే ఉంటుంది. చివరి ప్యాకెట్‌తోనే 'ఇక పంపేదేం లేదు' లేదా 'ఒక్క జవాబు చాలు' అని రిలీజ్ అసిస్టెన్స్ సూచన ఇస్తే త్వరగా వదిలేస్తుంది. జవాబు కావాల్సిన చోట మొదటి రకం సూచన ఇస్తే ఆ జవాబు మిస్సవుతుంది. అదీ చేసి చూశాం.

వాల్వు కట్టెయ్యమని సర్వరు నుంచి పంపే కమాండు సంగతి వేరు. పడుకున్న మీటరుకు పంపిన యూడీపీ (చేరిందో లేదో చూసుకోని రకం) ప్యాకెట్ గాల్లో కలిసిపోతుంది. కమాండును సర్వరులోనే క్యూలో ఉంచి, మీటరు రీడింగ్ పంపిన వెంటనే అదే అడ్రసుకు, అదే పోర్టుకు తిరిగి పంపాలి. ఆలస్యమైతే మధ్యలోని నాట్ (అడ్రసులు మార్చి పంపే నెట్‌వర్క్ భాగం) ఆ దారి మూసేస్తుంది.

అన్నిటికన్నా చిక్కు మాడ్యూల్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్. ఆ కొద్ది నిమిషాలు మోడెమ్ అసలు ఉండదు, ఆ మాట పవర్ సేవింగ్ మోడ్‌లో చెప్పే వీల్లేదు. చెప్పకుండా పోతే? 24 గంటల టైమరు దక్కిన మీటరును నెట్‌వర్క్ మర్నాటిదాకా పడుకునే ఉందనుకుంటుంది. అప్‌డేట్ చెడి మీటరు చచ్చినా, పడుకున్నా బయటికి ఒకేలా కనిపిస్తుంది. కాబట్టి ముందు మోడెమ్‌ను ఆపే సీఎఫ్‌యూఎన్ 0 కమాండు ఇచ్చి నెట్‌వర్క్ నుంచి డిటాచ్ చేయిస్తున్నాం. స్విచాఫ్ తరహా డిటాచ్‌కు నెట్‌వర్క్ జవాబు ఇవ్వదు గానీ, ఆ సందేశం అవతలికి చేరడానికి టైము పడుతుంది. మొదట రెండు సెకన్లు ఆగి పవర్ తీసేశాం. టెర్రస్ మీద బాగానే పనిచేసింది. బేస్‌మెంట్‌లో మాత్రం చాలా మీటర్లు డిటాచ్ పంపకుండానే ఆగిపోయాయి. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఎన్‌బీ-ఐఓటీ అదే సందేశాన్ని 128 సార్ల దాకా తిప్పి తిప్పి పంపుతుంది మరి. ఇప్పుడు మాడ్యూల్ నుంచి ఓకే వచ్చేదాకా ఆగుతాం, 40 సెకన్లు గరిష్ఠం.

కొంతసేపు ఉండనని చెప్పే వీల్లేని ఈ వెలితిని 5జీలో 18వ రిలీజ్ తీర్చింది. రిజిస్ట్రేషన్‌లోనే పరికరం, ఏఎంఎఫ్ (5జీలో ఎంఎంఈ లాంటిది) ఇద్దరూ 'అన్‌అవైలబిలిటీ పీరియడ్' తమకు వచ్చని చెప్పుకుంటారు. అప్‌డేట్‌కు ముందు పరికరం తన కాంటెక్స్ట్‌ను (కనెక్షన్ వివరాల్ని) సిమ్‌లోని యూసిమ్‌లోనో చెరగని మెమరీలోనో దాచుకుని, ఎంతసేపు ఉండదో, కావాలంటే ఎప్పటినుంచో కూడా, రిజిస్ట్రేషన్ అప్‌డేట్‌లో గానీ డీరిజిస్ట్రేషన్‌లో గానీ పెట్టి పంపుతుంది. ఆ వ్యవధిలో ఏఎంఎఫ్ పేజింగ్ చేయదు. సర్వరు ముందే కోరుకుని ఉంటే, పరికరం ఎంతసేపు అందదో దానికీ తెలుస్తుంది. పని అయ్యాక పరికరం మళ్లీ రిజిస్టర్ అవుతుంది. మా మాడ్యూళ్లు 4జీ నెట్‌వర్క్ మీదివి, పైగా పాత రిలీజ్‌వి. వీటికి డిటాచే గతి.

అప్‌డేట్ తర్వాత టైమర్ల సెట్టింగులు చెరిగిపోయే మాడ్యూళ్లున్నాయి, లేవగానే మళ్లీ రాయండి. ఒకే భవనంలోని మీటర్లన్నీ ఒకేసారి అటాచ్‌కు ఎగబడితే సగం వెనక్కొస్తాయి. మేం సిమ్ నంబరు చివరి నాలుగంకెల్ని 3600తో భాగించి, మిగిలిన శేషమెంతో అన్ని సెకన్లు ఆగి లేపుతున్నాం.