సింగపూర్‌లో డెంగీ: ఆసుపత్రి నుంచి క్లెయిమ్ దాకా నా అనుభవం

పరాయి దేశంలో జబ్బు పడ్డామని తెలిస్తే ఇంటి దగ్గర వాళ్లు మొదట అనే మాట "ఎట్టాగోలా ఫ్లైటెక్కి వచ్చెయ్యండి" అనే. ప్రేమతో అనే మాటే అది. నెల్లూరు నుంచి మా తమ్ముడు గంటకోసారి ఫోన్ చేసి అదే చెప్పాడు. "అక్కా, మద్రాసులో దిగితే చాలు, నేను కారు తీసుకొస్తా, నేరుగా ఆసుపత్రిలో చేర్పిస్తా" అని. నేను రాలేదు. అక్కడే ఉండిపోవడం వల్లే బతికి బయటపడ్డానని నా గట్టి నమ్మకం. ఎవరికైనా ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

మాది కందుకూరు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. దసరా సెలవుల్లో ఒక టూర్ బృందంతో మా ఆయనా నేనూ సింగపూర్, మలేషియా చూడడానికి బయల్దేరాం. సింగపూర్‌లో దిగిన మర్నాడే జ్వరం పట్టుకుంది. కళ్ల వెనక నొప్పి, కీళ్లలో సలపరం, కూర్చుంటే లేవలేను. లిటిల్ ఇండియాలో హోటల్ పక్కనే ఉన్న క్లినిక్‌కి పోయాం. అక్కడి డాక్టరమ్మ ఎన్‌ఎస్‌1 అనే రక్తపరీక్ష చేసి డెంగీ అని తేల్చింది. గత రెండు వారాలు ఎక్కడున్నారని అడిగింది. దోమ కుట్టాక జ్వరం బయటపడడానికి మామూలుగా 4 నుంచి 10 రోజులు పడుతుందట. అంటే నన్ను కుట్టిన దోమ కందుకూరుదే.

పారాసెటమాల్ తప్ప మరే నొప్పి మాత్రా ముట్టుకోవద్దని, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దని ఆమె గట్టిగా చెప్పింది. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మరీ నీరసం, వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లమని కాగితం మీద రాసిచ్చింది. మా బృందం మలేషియా బస్సెక్కింది. మేం హోటల్లో ఉండిపోయాం. ఆ సాయంత్రానికే కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి.

అక్కడ అంబులెన్సుకు 995కి ఫోన్ చెయ్యాలి. నేను నడవగలిగే స్థితిలో ఉన్నాను కాబట్టి టాక్సీలో ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాం. ప్రభుత్వ ఆసుపత్రి అంటే మన ఊళ్లో లాగా ఉచితం కాదు. అక్కడి పౌరులకు ఉండే సబ్సిడీ మనలాంటి విదేశీయులకు ఉండదు. వార్డులో చేర్చుకునే ముందు ఖర్చు ఎంత కావచ్చో అంచనా చేతిలో పెట్టి డిపాజిట్ అడిగారు. మా ఆయన కార్డు గీకి, అక్కడి వరుసలో నిలబడే మా ప్రయాణ ఇన్సూరెన్స్ వాళ్ల 24 గంటల నంబరుకు ఫోన్ చేశారు. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. పాలసీ నంబరు, ఆసుపత్రి పేరు, జబ్బు పేరు చెప్పి రిఫరెన్స్ నంబరు రాసుకున్నారు. మర్నాటికి ఆసుపత్రికి బిల్లు తామే కడతామన్న హామీ లేఖ వచ్చింది. ఇల్లు చేరాక ఫోన్ చేద్దాంలే అనుకుంటే ఈ లేఖ వచ్చేది కాదు, మొత్తం డబ్బు మా చేతి నుంచే కట్టాల్సి వచ్చేది.

వార్డులో ఒక నర్సమ్మ తమిళం మాట్లాడేది. నెల్లూరోళ్లం, మద్రాసు రాకపోకలతో తమిళం అర్థమవుతుంది. ఆమె మాటలే నాకు సగం ధైర్యం. దోమల క్రీము ఇచ్చి ఒళ్లంతా రాసుకోమంది. నన్ను కుట్టిన దోమ ఇంకొకరికి జబ్బు అంటించకూడదని.

ప్లేట్‌లెట్లు రోజురోజుకూ పడిపోతూ 24 వేలకు దిగాయి. ఇక ఇంటినుంచి ఫోన్లే ఫోన్లు. "ప్లేట్‌లెట్లు ఎక్కించారా? ఎందుకు ఎక్కించలా? ఏం ఆసుపత్రి అది?" అని తమ్ముడు. బొప్పాయి ఆకు రసం దొరకదా అని మా అత్తయ్య. భయం నాకూ ఉంది, డాక్టర్ని అడిగేశాను. ఆయన మంచం పక్కన కూర్చుని చెప్పాడు. రక్తస్రావం లేనప్పుడు అంకె పడిందని ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే లాభం లేదని సింగపూర్, మలేషియా ఆసుపత్రుల్లోనే పరిశోధన జరిగిందట. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎక్కించినవాళ్లకూ ఎక్కించనివాళ్లకూ రక్తస్రావంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, పైగా ఎక్కించినందువల్ల వచ్చే అలర్జీల్లాంటివి అదనం. ఆయన ప్లేట్‌లెట్ల కన్నా, రక్తం ఎంత చిక్కగా ఉందో చెప్పే హెమటోక్రిట్ అంకెను ఎక్కువగా చూసేవాడు. రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోతే రక్తం చిక్కబడి ఆ అంకె పెరుగుతుంది. దాన్నిబట్టే సెలైన్ హెచ్చించడం, తగ్గించడం.

అందరూ తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. నాకు జ్వరం దిగిపోయింది. ఒళ్లు చల్లబడింది. "తగ్గిపోయిందిగా, ఇంక బయల్దేరండి" అని ఇంటి దగ్గర సంబరం. డాక్టర్ మాత్రం అసలు జాగ్రత్త ఇప్పుడే కావాలన్నాడు. డెంగీలో జ్వరం దిగాక వచ్చే ఆ ఒకటి రెండు రోజులే గండమట. సరిగ్గా ఆ రాత్రే నా హెమటోక్రిట్ పెరిగింది, బీపీ పడింది. నర్సులు పరుగులు పెట్టి సెలైన్ పెంచారు. సింగపూర్ నుంచి చెన్నైకి నాలుగు గంటల ప్రయాణం. ఆ రాత్రి నేను విమానంలో ఉంటే సెలైన్ ఎవరు పెట్టేవాళ్లు?

తేరుకున్నాక విమానం ఎక్కవచ్చని డాక్టర్ రాతపూర్వకంగా ఇచ్చాడు. టిక్కెట్లు మార్చుకుని వచ్చేశాం.

క్లెయిమ్ మాత్రం ఇల్లు చేరాకే అసలు మొదలైంది. క్లినిక్ ఖర్చు, డిపాజిట్‌లో మిగిలిన తేడా, టిక్కెట్ల మార్పు రుసుము రావాలి. డిశ్చార్జ్ సమ్మరీ, వివరాల బిల్లు, రసీదులు, రక్తపరీక్షలు, బోర్డింగ్ పాసులు, క్యాన్సిల్ చేసిన చెక్కు అన్నీ పంపాను. వరుసగా ప్రశ్నలు వచ్చాయి. పాస్‌పోర్టులో సింగపూర్ ముద్ర లేదేమని ఒకటి. సింగపూర్‌లో ఇప్పుడు ముద్ర వెయ్యరు, దేశంలో ఉండడానికి అనుమతిగా మెయిల్‌కి ఈ-పాస్ పంపుతారు. ఆ మెయిల్ ప్రింటు తీసి పెట్టాను. బయల్దేరకముందే జబ్బు ఉందా అని ఇంకొకటి. దోమ ఇక్కడ కుట్టినా, లక్షణాలు అక్కడ దిగాకే మొదలయ్యాయని క్లినిక్ డాక్టరమ్మ రాసిన నోటు ఉంది. అది పెట్టాను. పాస్‌పోర్టులో ప్రకాశం జిల్లా, బ్యాంకు పుస్తకంలో నెల్లూరు జిల్లా ఏమిటని మరొకటి. 2022లో కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపారని ప్రభుత్వ ఉత్తర్వు కాపీ జతచేసి రాశాను.

అయినా కదలకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి లేఖ పెట్టాను. దాంతో ఆసుపత్రి, క్లినిక్ డబ్బులు ఖాతాలో పడ్డాయి. టిక్కెట్ల మార్పు రుసుము ఇంకా రాలేదు. ఫిర్యాదు పెట్టిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. నా ఫిర్యాదుకు ఆ 30 రోజులు వచ్చే వారంతో నిండుతాయి. ఫారం నింపి సిద్ధంగా పెట్టాను.