చింతగింజల లెక్క

ఇంటర్లో బైపీసీ తీసుకున్నదే లెక్కల పీడ వదిలించుకోవడానికి. కోఠీలో మన ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఉన్నన్నాళ్లూ ఆ పీడ నిజంగానే నా జోలికి రాలేదు. పీజీలో రేడియోథెరపీ సీటు వచ్చింది. వచ్చింది అంటున్నాను గానీ, నా ర్యాంకు అక్కడికే తేలింది.

అమ్మ చుట్టాలందరికీ "మావాడు ఎక్స్‌రే డాక్టరు" అని చెప్పేసింది. పెళ్లిళ్లలో జనం ఫిల్ములు పట్టుకొచ్చి లైటుకేసి చూపించేవారు. అది రేడియాలజీ, మాది కిరణాలతో కాన్సర్‌కి వైద్యం అని కొన్నాళ్లు చెప్పిచూశాను. మా పేషెంట్లకి ఆ తిప్పలేం లేవు. రేడియేషన్ అంటే కరెంటు పెట్టడం, నేను కరెంటు డాక్టరుని.

రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే కాన్సర్ ఆసుపత్రిలో మూడేళ్లు చదివాను. అక్కడే లెక్కలు మళ్లీ ఎదురొచ్చాయి. మిషన్లో కిరణాలిచ్చే కోబాల్ట్-60 అర్ధాయువు, అంటే దాని బలం సగానికి పడిపోయే కాలం, 5.27 ఏళ్లు. అంటే మిషన్లోని మూలకం బలం నెలకి ఒక శాతం పైచిలుకు తగ్గిపోతుంది. అదే డోసు పడాలంటే నెలనెలా టైము పెంచుకుంటూ పోవాలి. నోట్‌బుక్‌లో నా మొదటి లెక్క పాత నెల అంకెతో కట్టాను. ఫిజిక్స్ మేడమ్ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, "ఈ కాగితం మీద పేషెంటుకి మందు తగ్గింది" అన్నారు. తిట్టినా బాగుండేది.

చేతిపని కూడా ఉంటుంది. గొంతు కాన్సర్‌కి రోజుకి 2 గ్రేల (రేడియేషన్ డోసుకి కొలత గ్రే) చొప్పున 35 రోజులు పెట్టాలంటే తల రోజూ ఒకేచోట ఉండాలి. కాస్త జరిగితే వెన్నుపాముకి ముప్పు. అందుకే మాస్కు. ప్లాస్టిక్ షీటుని దాదాపు 70 డిగ్రీల నీళ్లలో ముంచితే అప్పడాల పిండిలా మెత్తబడుతుంది. నీళ్లు తుడిచి ముఖం మీద పరిచి, ముక్కు పక్కన, గడ్డం కింద వేళ్లతో అదుముతూ గట్టిపడేదాకా పట్టుకోవాలి. ఆ కొద్ది నిమిషాలూ గుట్కా నమిలి నోరు సరిగ్గా తెరుచుకోని కుర్రాళ్లు కూడా నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు. పాఠంలో ఈ ముక్క లేదు.

పాలమూరు వైపు నుంచి ఒక అవ్వ వచ్చేది. గర్భాశయ ముఖద్వార కాన్సర్, 50 గ్రేలు, 25 సిట్టింగులు. కొంగు ముడిలో చింతగింజలు. కరెంటు పెట్టించుకుని బయటికి రాగానే ఒక గింజ తీసి రెండో ముడిలో వేసుకునేది. శని, ఆదివారాలు పెట్టం అని చెబితే, "రోగానికి లేని సెలవు మీకెందుకు బిడ్డా?" అంది. మామూలు కణాలు కోలుకోవాలని ఏదో చెప్పాను. నమ్మలేదు.

ఆఖరి రోజు గింజలన్నీ నా టేబుల్ మీద కుమ్మరించి, "లెక్క సూసుకో" అంది.

చూశాను. 25. నా కార్డులోనూ అంతే. ఇక కిరణాల మూలాన్ని ఒంటి లోపలే ఉంచి పెట్టే కరెంటు మిగిలి ఉందని చెప్పడానికి కాసేపు నోరు రాలేదు. చెప్పాక ఒక్క క్షణం నన్నే చూసి, "ఎన్ని గింజలు?" అని మళ్లీ కొంగు పట్టింది.