రెండు దేనారాలు

మిలాన్‌లోని పెద్ద చర్చి డువోమో దగ్గర జనమంతా పైకప్పు ఎక్కడానికి టికెట్లు కొంటారు. నేను నేలమాళిగలోకి దిగడానికి కొన్నాను. "ఇంత దూరం వచ్చి పునాదులు చూస్తానంటావేంటి నాన్నా" అని మా అమ్మాయి నవ్వింది. ఇక్కడ ఎమ్మెస్ చదువుతోంది, రెండో ఏడు. దాన్ని చూసే వంకతో పునాదులు చూడటానికి వచ్చానని వాళ్లమ్మకు అనుమానం. పూర్తిగా తప్పని చెప్పలేను.

చర్చి లోపలి నుంచే మెట్లున్నాయి. కింద చల్లగా, మసగ్గా ఉంది. మధ్యలో నీళ్లు లేని చిన్న కోనేరులా ఒక బాప్తిస్మపు తొట్టి. "ఎనిమిది పలకలు" అని అమ్మాయి వేలు పెట్టి లెక్కపెట్టింది. పైనున్న డువోమో కట్టడం 1386లో మొదలైతే, ఈ తొట్టి అప్పటికే వెయ్యేళ్ల పాతది. కొత్త చర్చి కోసం దాని మీది కట్టడాన్ని కూలగొట్టారు. 1960ల మొదట్లో మెట్రో పనులప్పుడు తవ్వితే మళ్లీ వెలుగు చూసింది. 387లో ఈస్టర్ రాత్రి, ఏప్రిల్ 24 తెల్లవారితే 25, మిలాన్ బిషప్ అంబ్రోస్ ఇక్కడే అగస్టీన్‌కి, తర్వాత క్రైస్తవ లోకానికే పెద్ద గురువైనవాడికి, బాప్తిస్మమిచ్చాడు. పక్కన అగస్టీన్ కొడుకు, ఒక స్నేహితుడు కూడా దిగారు.

ఎనిమిదే ఎందుకంటే దానికీ ఒక లెక్క ఉంది. సృష్టి ఏడు రోజులు. ఏడో రోజు మర్నాడు, ఆదివారం, క్రీస్తు లేచాడు గనక అది ఎనిమిదో రోజు, కొత్త సృష్టికి మొదటిది. తొట్టిలో మునిగి లేచినవాడు ఆ రోజులోకి లేస్తాడు. లేఖనంలోని అంకెకు చెప్పిన అర్థాన్ని మేస్త్రీ చేత రాతిలో కట్టించారన్నమాట.

నేను అసలు వచ్చింది ఇలాంటి అర్థాల కోసమే. గుంటూరు జిల్లాలో మాది లూథరన్ కుటుంబం. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరులో మొదలుపెట్టిన మిషను నీడలో పెరిగినవాళ్లం. మా నాయనమ్మకు యేసు చెప్పిన మంచి సమరయుడి కథంటే ప్రాణం. దొంగల చేత దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి ఒక పరాయివాడు కాపాడి, పూటకూళ్లవాడి చేతిలో రెండు దేనారాలు, అంటే రెండు వెండి నాణేలు, పెట్టి అప్పగించే కథ. మా ఊరి పాస్టరు అయ్యగారు దాన్ని చెప్పే తీరు ఇప్పటికీ చెవుల్లో ఉంది: యెరూషలేము నుంచి యెరికోకు దిగిపోతున్న మనిషి ఆదాము, దొంగలు సాతాను మూక, చూసీ చూడనట్టు పోయిన యాజకుడూ లేవీయుడూ ధర్మశాస్త్రమూ ప్రవక్తలూ, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు సంఘం. ఆరాధనయ్యాక నాయనమ్మ ఆయన్ని గుమ్మంలో ఆపేది. "మరి పూటకూళ్లవాడికిచ్చిన ఆ రెండు దేనారాలేంటయ్యగారూ?" ఆయన "పాత నిబంధన, కొత్త నిబంధన" అనేవారు. కొన్నేళ్లకు వచ్చిన ఇంకో అయ్యగారు బాప్తిస్మమూ బల్లా, అంటే ప్రభు భోజనమూ, అన్నారు. నేను డిగ్రీ చదివే పొగరులో ఎవరికి తోచింది వాళ్లు అల్లుతున్నారని నవ్వేవాణ్ణి.

ఆ నవ్వు తగ్గడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈ లెక్క మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియావాడైన ఓరిజెన్ ప్రసంగంలో దాదాపు యథాతథంగా ఉంది, అదీ తన సొంతం కాదని, ఒక పెద్దాయన చెప్పేవారని అంటాడు. ఓరిజెన్ దృష్టిలో రెండు దేనారాలు తండ్రీ కుమారుడూ. అగస్టీన్ దగ్గరికొచ్చేసరికి దేవుణ్ణి ప్రేమించు, పొరుగువాణ్ణి ప్రేమించు అనే రెండు ఆజ్ఞలు, పూటకూళ్లవాడు పౌలు. రెండు నిబంధనలన్నది అంబ్రోస్. మా అయ్యగారి నోట అంబ్రోస్ పేరు నేనెప్పుడూ వినలేదు. అయినా ఆయన చెప్పింది పొల్లుపోకుండా మిలాన్ బిషప్ మాటే.

డువోమో నుంచి సాంత్ అంబ్రోజో చర్చికి నడిచే వెళ్లాం. దారిలో అమ్మాయికి అగస్టీన్ కథ చెప్పాను. ఇప్పటి అల్జీరియాలో 354లో పుట్టాడు. 19 ఏళ్లప్పుడు రోమన్ వక్త సిసిరోని చదివి తత్వం మీద మనసు పడి, అదే ఊపులో బైబిలు తెరిస్తే నిరాశపడ్డాడు. సిసిరో లాటిన్ ముందు అది మోటుగా కనిపించింది. తర్వాత సుమారు తొమ్మిదేళ్లు, లోకమంతా వెలుగుకీ చీకటికీ పోరాటమనే మానీ మతంలో ఉన్నాడు. వాళ్లు పాత నిబంధనను ఎగతాళి చేసేవారు: పితరులకు అంతమంది భార్యలేంటి, దేవుడికి జుట్టూ గోళ్లూ ఉంటాయా అని. 384లో మిలాన్‌కి అలంకారశాస్త్రం చెప్పే పంతులుగా వచ్చాడు. అంబ్రోస్ మాటకారి అని విని, ఆయన చెప్పే తీరు చూద్దామని వెళ్లాడు, చెప్పేదాని మీద గురి లేదు. మాటల వెంట విషయం కూడా లోపలికి పోయింది. అంబ్రోస్ పదేపదే ఎత్తే వచనం "అక్షరము చంపునుగాని ఆత్మ జీవింపచేయును." పైకి వంకరగా కనిపించిన కథల మీద నుంచి ఆయన తెర తొలగిస్తుంటే, తాను ఇన్నాళ్లూ వెక్కిరించింది క్రైస్తవుల నమ్మకాన్ని కాదు, తన ఊహనే అని అగస్టీన్‌కి సిగ్గేసింది.

"అంబ్రోస్‌కి ఎవరు నేర్పారు?" అంది అమ్మాయి. మంచి ప్రశ్న. ఆయన ఆ ప్రాంతానికి గవర్నరు. 374లో బిషప్ ఎన్నికలో గొడవ సర్దడానికి వెళ్తే జనం ఆయన్నే బిషప్‌ని చేశారు. అప్పటికి బాప్తిస్మం కూడా కాలేదు. గ్రీకు బాగా వచ్చు గనక ఓరిజెన్‌నీ, అలెగ్జాండ్రియా యూదుడైన ఫైలోనీ, గ్రీకు బిషప్ బాసిల్‌నీ చదువుకుంటూ ఆదివారానికి ప్రసంగం తయారుచేసుకునేవాడు. అలెగ్జాండ్రియా సరుకు లాటిన్ ఊరికి ఇలా చేరింది.

సాంత్ అంబ్రోజోలో బలిపీఠం కింద గదిలో అంబ్రోస్ అస్థిపంజరం ఉంది, బిషప్ దుస్తుల్లో, ఇద్దరు హతసాక్షుల మధ్య. అద్దం వెనక అలా పడుకోబెట్టడం మాలాంటి లూథరన్ల కంటికి అలవాటు లేదు. నేను తొందరగా బయటికొచ్చేశాను. పక్క చాపెల్లో ఆయన మొహం ఉన్న మొజాయిక్, ఐదో శతాబ్దానిది, మాత్రం చాలాసేపు చూశాను. సన్నటి మనిషి, అలిసిపోయిన కళ్లు. అగస్టీన్ ఆయన గురించి రాసిన చిన్న సంగతొకటి నాకు భలే ఇష్టం. అంబ్రోస్ పెదవులు కదపకుండా చదివేవాడట. తలుపు తెరిచే ఉండేది, ఎవరైనా వెళ్లొచ్చు. వెళ్లినవాళ్లు కూర్చుని, ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టలేక లేచిపోయేవారు. పైకి చదివితే వినేవాళ్లు కష్టమైన చోట అర్థం అడుగుతారనా, లేక తొందరగా బొంగురుపోయే గొంతు కాపాడుకుందామనా అని అగస్టీన్ ఊహిస్తాడు. మా నాయనమ్మకి చదవడమంటే రాగం తీస్తూ పైకి చదవడమే. అంబ్రోస్‌ని చూస్తే "ఊరికే చూస్తున్నాడు, చదవట్లా" అనేది.

మర్నాడు పావియా. లోకల్ రైల్లో ముప్పావుగంట లోపే. దిగాక నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది, అమ్మాయి ఫోన్ ఇంట్లో మర్చిపోయింది. నాకు దారి తెలుసని ధీమాగా నడిపించాను. నడిచి నడిచి తిచీనో నది మీద కప్పున్న వంతెన దగ్గర తేలాం. మేం వెళ్లాల్సిన చర్చి ఊరికి అటు చివర, సరిగ్గా ఎదురు దిక్కున. అమ్మాయి ఏమీ అనలేదు, అదే టెన్షన్.

లేఖనాన్ని ఎలా చదవాలో చెబుతూ అగస్టీన్ వాడిన పోలిక సరిగ్గా ఇదే. ఎవరైనా రాసినవాడి ఉద్దేశం తప్పు పట్టుకుని కూడా, ప్రేమను పెంచే అర్థమే చెబితే, దారి తప్పి పొలాలకు అడ్డంపడి అదే ఊరు చేరినవాడి లాంటివాడు. చేరాడు గనక అబద్ధికుడు కాడు. కానీ అతన్ని దిద్దాలి, లేకపోతే దారి తప్పడం అలవాటై ఎప్పుడో ఇంకెక్కడికో పోతాడు. ఓరిజెన్ పద్ధతి మీద ఉన్న అసలు అనుమానానికి, అంటే ఎవరికి తోచింది వాళ్లు అల్లడమేగా అన్నదానికి, నేను చూసిన మంచి జవాబు ఇదే. సిరియాలోని అంతియొకయ వైపు బైబిలు పండితులు, ముఖ్యంగా థియోడోర్ అనే బిషప్, ఈ అల్లికలు జరిగిన చరిత్రను మింగేస్తున్నాయని మండిపడ్డారు. అగస్టీన్ పేరు పెట్టుకున్న సన్యాసుల్లోంచే వచ్చిన లూథరు కూడా తర్వాత వీటిని వెక్కిరించాడు. మా ఊళ్లో మాత్రం లూథరు మాట ఎవరూ విన్నట్టు లేదు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. కానీ రెండు దేనారాలను రెండు ప్రేమలన్నవాడు పొలంలో నడిచినా ఊరు వైపే నడిచాడని నా లెక్క.

చర్చి చేరేసరికి నాలుగు దాటింది. సాన్ పియెత్రో ఇన్ చెల్ దోరో, అంటే బంగారు ఆకాశంలోని పేతురు. ఒకప్పుడు కప్పుకి బంగారు పూత ఉండేదట, ఇప్పుడు ఇటుక గోడ. 430లో వాండల్స్ అనే తెగవాళ్లు, అగస్టీన్ బిషప్‌గా ఉన్న ఆఫ్రికా ఊరు హిప్పోను ముట్టడించినప్పుడు ఆయన ఆ ఊళ్లోనే చనిపోయాడు. ఎముకలు సార్డీనియా చేరాయి, ఎనిమిదో శతాబ్దంలో లాంబార్డు రాజు లియుత్‌ప్రాండ్ డబ్బు పోసి ఇక్కడికి తెప్పించాడు. పైన 14వ శతాబ్దపు పాలరాతి సమాధి, చిన్న గోపురంలా అంతస్తులుగా ఉంటుంది.

తిరుగు రైల్లో బైబిలు తీశాను. అమ్మాయికి యోనా కథ చెప్పాను. అగస్టీన్ కాలంవాడే అయిన పండితుడు జెరోమ్ చేసిన కొత్త లాటిన్ బైబిలు అనువాదంలో యోనాకి నీడనిచ్చిన సొరపాదు కాస్తా ఐవీ తీగ అయింది. ఆఫ్రికాలో ఒక చర్చిలో అది చదివితే జనం లేచి గోల చేశారు, బిషప్ ఊరుకోబెట్టలేకపోయాడు. అగస్టీన్ ఈ సంగతి జెరోమ్‌కే ఉత్తరం రాశాడు. "మన దాంట్లో ఏముంది?" అని లాక్కుని చూసింది. సొరచెట్టు. "హమ్మయ్య, మనం గోల చేయక్కర్లేదు" అంది.

తర్వాత లూకా పదో అధ్యాయం తిప్పి, దేనారాల దగ్గర ఆగి, "ఆ దెబ్బలు తిన్నాయన చివరికి యెరికో చేరాడా నాన్నా?" అంది. నేనూ వంగి చూశాను. 35వ వచనంలో సమరయుడు మళ్లీ వస్తానంటాడు, 36లో యేసు ఎదురు ప్రశ్న వేస్తాడు.

"రాయలేదమ్మా" అన్నాను. ఇంతలో రొగొరెదో స్టేషన్ వచ్చింది, దిగిపోయాం.