ఆడని ప్లేట్లకు స్నానం

"అమ్మా, నువ్వు వీటిని కడుగుతవ్ గాని, వినవెందుకు?"

డైనింగ్ టేబుల్ మీద పాత తువ్వాల పరిచి, మా బాపు గ్రామఫోన్ ప్లేట్లు ముందేసుకుని, సాయం పట్టమని బిడ్డను పిలిచాను. రానంది. ఊరికే రాననకుండా ఈ ప్రశ్న కూడా వేసి మెట్లెక్కి పోయింది.

జవాబు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అవి నిమిషానికి 78 చుట్లు తిరగాల్సిన ప్లేట్లు. మా ఇంట్లో టర్న్‌టేబుల్‌కు 33, 45 తప్ప ఇంకో స్పీడు లేదు. ఎల్పీ (33 స్పీడులో తిరిగే వినైల్ రికార్డు) గాడి సన్నం, 78 గాడి వెడల్పు, కాబట్టి ముల్లు కూడా వేరేది కావాలి. అంటే మా ఇంట్లో పలికే యోగమే లేని ప్లేట్లకు నేను పండగ పండక్కీ తలంటు పోస్తున్నానన్నమాట.

బాపుకు హన్మకొండలో మైకు సెట్టు ఉండేది. పెళ్లయినా, వినాయక నవరాత్రులయినా, లౌడ్‌స్పీకర్ వేపచెట్టుకు కట్టి, తెల్లారకముందే పాట పెట్టేవాడు. ఆయన పాటల పెట్టెలో 78 తిరిగే లక్క ప్లేట్లూ ఉన్నాయి, వినైల్ రికార్డులూ ఉన్నాయి. ఎల్పీ అమెరికాలో 1948లోనే వచ్చింది. మన దగ్గర మాత్రం 1960లలో కూడా లక్క ప్లేట్లు తయారయ్యాయి.

కడిగేముందు ఏది ఏదో తేల్చుకోకపోతే కొంప మునుగుతుంది. చేతిలోకి తీసుకుంటే లక్క ప్లేటు బరువుగా ఉంటుంది, కింద పడితే పెంకులవుతుంది. వినైల్ కొంచెం వంగుతుంది. ఇంటర్నెట్‌లో అందరూ చెప్పేది వినైల్ సంగతే: డిస్టిల్డ్ వాటర్‌లో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక చుక్క గిన్నెల సబ్బు. అదే నీళ్లు లక్క ప్లేటు మీద పోస్తే పాట కరిగిపోతుంది. మన వడ్రంగులు తలుపులకు పాలిష్ పెట్టేది స్పిరిట్‌లో లక్క కరిగించే కదా. మోదుగ కొమ్మల మీద, రేగు కొమ్మల మీద పురుగు పెట్టే ఆ లక్కే ఈ ప్లేట్లలోనూ ఉంది. అందుకని వీటికి ఆల్కహాల్ వాసన కూడా తగలనివ్వను. డిస్టిల్డ్ వాటర్, చుక్క సబ్బు, మెత్తటి బ్రష్, అంతే. నానబెట్టను, వెంటనే తుడిచేస్తాను.

రెండింటికీ వర్తించేవి కొన్ని ఉన్నాయి. గాడి ఎటు తిరిగితే చెయ్యి అటే తిరగాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. మధ్యలో కాగితం లేబుల్ తడవకూడదు. కొళాయి నీళ్లయితే అందులోని ఉప్పులు గాళ్లలోనే ఎండిపోయి చిటపటలు ఇంకా పెరుగుతాయి. కడిగినవాటిని గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరబెడతాను (మా ఆయన కాఫీ కప్పు కోసం వెతుక్కుంటాడు), ఆరాక కొత్త కవర్లో పెడతాను. పాత కవర్లో పెడితే పాత దుమ్మే మళ్లీ ఎక్కుతుంది. హన్మకొండలో వీటికి శత్రువులు వానాకాలం బూజు, ఎండాకాలం దుమ్ము. ఇక్కడ చలికాలం హీటర్. గాలి ఎండిపోయి, కవర్లోంచి తీయగానే వినైల్‌కు కరెంటు పుట్టి గదిలో ఉన్న నూగంతా లాక్కుంటుంది. వేసే ముందు ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్ ఆడిస్తే చాలావరకు పోతుంది. కొందరు చెక్క జిగురు పూసి, ఆరాక పొరలా ఒలిచేస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది గాని నాకంత ధైర్యం లేదు.

ఈ పనికి బిడ్డను పిలవడంలో నా స్వార్థం ఉంది. ఈ టేబుల్ దగ్గర తెలుగే మాట్లాడాలని రూలు పెట్టాను. మొదటిసారి వచ్చినప్పుడు అది ఆల్కహాల్ స్ప్రే పట్టుకుని లక్క ప్లేటు వైపు వంగింది. "నో! స్టాప్! నాట్ దట్ వన్!" అని ఇల్లెగిరేలా అరిచాను. టెన్షన్ వస్తే నా నోటికి వచ్చేది ఇంగ్లీషే. అది స్ప్రే కింద పెట్టి, "రూల్, అమ్మా," అంది.

వీడియో కాల్‌లో బాపుకు చూపిస్తే నవ్వాడు. "ఇంకా దాచిపెట్టినవా బిడ్డా? ఆ ప్లేట్లు ఎవలు వింటరు ఇప్పుడు?" అన్నాడు. ఆయన వాటిని ఏనాడూ కడగలేదు. భుజం మీది తువ్వాలతో ఒక్క తుడుపు తుడిచి ముల్లు పెట్టేవాడు. అరిగితే అరిగినయ్, అవి పందిట్లో మోగడానికే. భద్రంగా ఉండాలన్న పట్టుదల నాది, ఆయనది కాదు.

నాలాంటి అమ్మలకు ఒక సలహా ఇద్దామనుకున్నాను: పిల్లలకు తుడిచే పని కాదు, ముల్లు పెట్టే పని ఇవ్వండి అని. కానీ నేనే ఇచ్చి చూశాను. ఒక సినిమా పాటల ఎల్పీ వేయమంటే జాగ్రత్తగా, నాకంటే నేర్పుగా వేసింది. ఒక వైపు అయ్యేదాకా కూర్చుంది. "నైస్," అంది. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తన పాటలకు పోయింది. దాని వయసులో నేనూ బాపు పాటలు వినలేక చెవుల్లో వేళ్లు పెట్టుకున్నదాన్నే. ఆ మాట మాత్రం దానికి చెప్పలేదు.

78 తిరిగే టర్న్‌టేబుల్ ఒకటి, దాని ముల్లుతో సహా, ఆన్‌లైన్ కార్ట్‌లో ఎన్నాళ్ల నుంచో ఉంది. డబ్బుల కోసం ఆగానని మా ఆయన అనుకుంటున్నాడు. ఆగింది దానికి కాదు. ప్లేటు పలకనంత కాలం, బిడ్డ వినకపోవడానికి మెషీన్ లేదన్న సాకు ఉంది. అది వచ్చి, బాపు ప్లేటు గలగలా పాడాక కూడా "నైస్" అనేసి పైకి పోతే నేనేం చేయాలి?